సంతోషాన్నీ అదృష్టాన్నీ ఇంగ్లిష్‌లో సరిగ్గా చెప్పడం ఎలా?

ఉద్యోగం వచ్చినా, మనవరాలు పుట్టినా, వాన మొదలయ్యేలోపు ఇల్లు చేరినా మన నోటికి ముందుగా వచ్చే ఇంగ్లిష్ మాట ‘హ్యాపీ’. ఎదుటివాళ్లకు అర్థమవుతుంది, అందులో సందేహం లేదు. కానీ ఇంగ్లిష్ రోజూ మాట్లాడే చోట మొదటిదానికి ‘డిలైటెడ్’, రెండోదానికి ‘ఓవర్‌జాయ్డ్’, మూడోదానికి ‘లక్కీ’ అంటారు. తెలుగులో మనమూ తృప్తి, ఆనందం, సంబరం, అదృష్టం అని దేనికది వేరు చేసే చెబుతాం. ఆ తేడా ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి జారిపోతుంది.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. ఈ మాటల్లో మనవాళ్లు చేసే తప్పులు అర్థం దగ్గర తక్కువ. మాట వెంట వచ్చే విత్, ఫర్, ఆన్, టు దగ్గరే ఎక్కువ. అందుకని ‘హ్యాపీ అంటే సంతోషం’ అని విడిగా బట్టీ పట్టకండి. ‘హ్యాపీ విత్’, ‘హ్యాపీ ఫర్’ అని జంటగా నేర్చుకోండి. నోట్‌బుక్‌లో రాసుకున్నా అలాగే రాసుకోండి, పక్కన మీ ఇంటికో ఆఫీసుకో సంబంధించిన ఒక వాక్యంతో.

1. ముందు తేల్చుకోండి: ఆ మంచి ఎలా వచ్చింది?

మాట ఎంచుకునే ముందు మూడు విషయాలు చూసుకోవాలి. జరిగిన మంచి కష్టపడితే వచ్చిందా, కలిసొచ్చిందా? సంతోషం ఏ మోతాదులో ఉంది? చెబుతున్నది ఎవరితో? ఈ మూడూ తేలితే మాట దానంతట అదే దొరుకుతుంది.

మొదటి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకంటే ఇంగ్లిష్‌లో సంతోషమూ అదృష్టమూ ఒకే ఇంట పుట్టాయి. ‘హ్యాప్’ అనే పాత మాట స్కాండినేవియా ప్రాంతపు పాత భాష నార్స్ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. దాని అర్థం అదృష్టం, అనుకోకుండా జరిగేది. 14వ శతాబ్దంలో ‘హ్యాపీ’ వాడుకలోకి వచ్చినప్పుడు అదృష్టవంతుడనే దాని అర్థం. సంతోషం అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. ‘హ్యాపెన్’, ‘పర్‌హ్యాప్స్’, ‘మిస్‌హ్యాప్’ అన్నీ ఆ వేరు నుంచి మొలిచినవే.

ఆ పాత అర్థం ఇప్పటికీ బతికే ఉంది. ‘ఎ హ్యాపీ కోఇన్సిడెన్స్’ అంటే సంతోషించే యాదృచ్ఛికం కాదు, కలిసొచ్చిన యాదృచ్ఛికం. వార్తల్లో ‘హ్యాపిలీ, నో వన్ వాజ్ హర్ట్’ అని కనిపిస్తే ‘అదృష్టవశాత్తూ ఎవరికీ దెబ్బలు తగల్లేదు’ అని చదువుకోవాలి. ‘సంతోషంగా ఎవరికీ దెబ్బలు తగల్లేదు’ అని అనువదించిన వాక్యాలు తెలుగు వెబ్‌సైట్లలో ఎదురైతే అసలు వాక్యం ఇదేనని గుర్తుపట్టవచ్చు.

2. వాక్యాన్ని మనిషితో మొదలుపెట్టండి

తెలుగులో సంతోషం మనకు కలుగుతుంది, వేస్తుంది, ఉంటుంది. ‘నాకు సంతోషంగా ఉంది’ అంటాం. ఇంగ్లిష్‌లో ఆ ‘నాకు’ పనికిరాదు, ‘నేను’ కావాలి: ‘ఐ యామ్ హ్యాపీ’. అదృష్టానికీ అంతే. ‘నా అదృష్టం బాగుంది’ని ‘మై లక్ ఈజ్ గుడ్’ అంటే అర్థమవుతుంది గానీ ఎవరూ అలా అనరు. ‘ఐ వాజ్ లక్కీ’ అంటారు.

‘ఆ మాట విని సంతోషం వేసింది’ అని చెప్పడానికి ‘ఐ గాట్ హ్యాపీ’ అనేస్తుంటారు. దాని బదులు ‘ఐ వాజ్ సో హ్యాపీ టు హియర్ ఇట్’ అనండి. లేదా కారణాన్నే ముందుకు తెచ్చి ‘ద న్యూస్ మేడ్ మి హ్యాపీ’ అనండి.

వేదిక మీద మైకు పట్టుకోగానే వినిపించే ‘ఐ యామ్ ఫీలింగ్ వెరీ హ్యాపీ టు బి హియర్’లో ‘ఫీలింగ్’ తీసేయండి. ‘ఐ యామ్ వెరీ హ్యాపీ టు బి హియర్’ చాలు. ‘ఇట్ ఈజ్ గివింగ్ మి ఇమ్మెన్స్ ప్లెజర్’ కూడా అదే కోవలోది. ‘ఇట్ గివ్స్ మి గ్రేట్ ప్లెజర్’ సరైనది. తెలుగులో ‘ఆనందం కలుగుతోంది’ అని జరుగుతున్నట్టు చెబుతాం కాబట్టి ఆ ‘ఇంగ్’ వచ్చి అతుక్కుంటుంది.

3. ‘హ్యాపీ’ వెనక ఏం పెట్టాలి?

చేతిలో ఉన్న వస్తువు, వచ్చిన ఫలితం, చేసిన పని బాగుందని చెప్పాలంటే ‘విత్’. ‘ఐ యామ్ హ్యాపీ విత్ మై న్యూ ఫోన్’, ‘షి ఈజ్ హ్యాపీ విత్ హర్ మార్క్స్’.

జరిగిన సంగతి, వచ్చిన మార్పు గురించైతే ‘అబౌట్’. ‘హి ఈజ్ హ్యాపీ అబౌట్ ద ట్రాన్స్‌ఫర్’. దీన్నే కాదని చెబితే ఫిర్యాదు అవుతుంది. ‘ఐ యామ్ నాట్ హ్యాపీ అబౌట్ దిస్’ అని మేనేజర్ అంటే ఆయన బాధపడుతున్నాడని అనుకోకూడదు, కోపంగా ఉన్నాడని. వెంటనే విషయం ఏమిటో కనుక్కోవాలి.

‘టు’ వస్తే అది సంతోషం కన్నా ఒప్పుకోలు. ‘ఐ యామ్ హ్యాపీ టు హెల్ప్’ అంటే ‘సాయం చేస్తాను, ఇబ్బందేం లేదు’ అని.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ‘ఫర్’. ‘ఐ యామ్ హ్యాపీ ఫర్ యు’ అంటే మీకు మంచి జరిగినందుకు నాకు సంతోషం అని. చక్కటి మాట, అసూయ లేదని చెప్పే మాట. దానికి ఒక్క ‘టు’ తగిలితే అర్థం తిరిగిపోతుంది. ‘ఐ యామ్ హ్యాపీ ఫర్ యు టు టేక్ ద కార్’ అంటే ‘కారు తీసుకెళ్లండి, నాకు అభ్యంతరం లేదు’ అని. అది అనుమతి. కాబట్టి స్నేహితుడికి ప్రమోషన్ వచ్చినప్పుడు ‘ఐ యామ్ హ్యాపీ ఫర్ యు టు గెట్ ద ప్రమోషన్’ అంటే ‘నీకు ప్రమోషన్ వచ్చినా నాకేం అభ్యంతరం లేదు’ అన్నట్టు ధ్వనిస్తుంది. ‘ఐ యామ్ సో హ్యాపీ ఫర్ యు’ అని ఆపేయండి. కారణం చెప్పి తీరాలంటే ‘ఐ యామ్ సో హ్యాపీ దట్ యు గాట్ ద ప్రమోషన్’ అనండి.

4. మోతాదు సరిచూసుకోండి

కింది మెట్టు నుంచి పైకి వెళ్తే ఇంచుమించు ఇలా ఉంటుంది: శాటిస్‌ఫైడ్, కంటెంట్, ప్లీజ్డ్, గ్లాడ్, హ్యాపీ, డిలైటెడ్, థ్రిల్డ్, ఓవర్‌జాయ్డ్, ఎక్స్‌టాటిక్. ఇది కొలబద్ద పెట్టి గీసిన వరస కాదు. గ్లాడ్, హ్యాపీ పక్కపక్కనే తిరుగుతుంటాయి. కానీ ‘డిలైటెడ్’ దగ్గర ఒక గీత ఉంది, అది గుర్తుంచుకోవాలి.

గీతకు ఇవతలి మాటలకు ‘వెరీ’ పెట్టవచ్చు: వెరీ ప్లీజ్డ్, వెరీ హ్యాపీ. అవతలి మాటల్లో ‘చాలా’ అప్పటికే కలిసి ఉంది. అందుకని వాటికి ‘వెరీ’ బదులు ‘అబ్సొల్యూట్లీ’ పెడతారు: అబ్సొల్యూట్లీ డిలైటెడ్, అబ్సొల్యూట్లీ థ్రిల్డ్. ‘వెరీ ఓవర్‌జాయ్డ్’ అనగానే కొత్తగా నేర్చుకున్నవారని తెలిసిపోతుంది. ఎటూ తేలకపోతే ‘రియల్లీ’ వాడండి, అది రెండు వైపులా ఇమిడిపోతుంది.

‘టూ’తో మాత్రం జాగ్రత్త. ‘ఐ యామ్ టూ హ్యాపీ’ అని మనం ‘చాలా’ అనే అర్థంలో అంటాం. ఇంగ్లిష్‌లో ‘టూ’ అంటే మితిమీరి, ఉండకూడనంత అని. వినేవాళ్లు ‘అయితే ఏమిటి ఇబ్బంది?’ అని ఎదురుచూస్తారు. ‘ఓన్లీ టూ హ్యాపీ టు హెల్ప్’ మాత్రం మంచి వాడుక. ఎంతో ఇష్టంగా చేస్తాను అని అర్థం.

‘ఐ కుడ్ నాట్ బి హ్యాపియర్’ అని ఎవరైనా అంటే కంగారుపడకండి. ఇంతకన్నా సంతోషం ఉండదు అని దాని భావం. వాడేటప్పుడు ఆ చివరి ‘యర్’ పోకుండా చూసుకోండి. ‘ఐ కుడ్ నాట్ బి హ్యాపీ’ అంటే సంతోషంగా ఉండలేకపోయాను అని పూర్తిగా ఎదురు తిరుగుతుంది.

ఇప్పుడు ఎవరితో అంటున్నామన్న ప్రశ్న. ‘ప్లీజ్డ్ విత్’ పైనున్నవాళ్లు కిందివాళ్లతో అనే మాట. టీచర్ పిల్లవాడితో ‘ఐ యామ్ వెరీ ప్లీజ్డ్ విత్ యువర్ వర్క్’ అంటే బాగుంటుంది. అదే మాట మీరు మీ పైఅధికారితో అంటే ఆయన్ని మీరు పరీక్షించి మార్కులు వేసినట్టు ఉంటుంది. ఆయన పని మెచ్చుకోవాలంటే ‘ఐ లర్న్డ్ ఎ లాట్ ఫ్రమ్ దట్’ లాంటి మాట నయం. ‘ఐ యామ్ శాటిస్‌ఫైడ్ విత్ యువర్ ఆన్సర్’ కూడా అంతే, విచారణ చేసే అధికారి మాటలా వినిపిస్తుంది. ఇక ‘శాటిస్‌ఫ్యాక్టరీ’ అని మీ రిపోర్టులో వస్తే పొంగిపోకండి. సరిపోయింది, గట్టెక్కింది అని మాత్రమే దాని అర్థం.

ఉత్తరాల్లో మాత్రం ‘ప్లీజ్డ్’ హాయిగా నడుస్తుంది. ‘వి ఆర్ ప్లీజ్డ్ టు ఇన్ఫార్మ్ యు’ అని సంస్థలు రాస్తాయి. దానికి జవాబుగా ‘ఐ యామ్ డిలైటెడ్ టు యాక్సెప్ట్ ద ఆఫర్’ అని ఒక మెట్టు పైన రాయండి. ఉద్యోగం ఒప్పుకునే మెయిల్‌లో ‘థ్రిల్డ్’, ‘ఎక్స్‌టాటిక్’ రాస్తే కాస్త ఎక్కువవుతుంది. అమెరికన్ కంపెనీలైతే ‘థ్రిల్డ్’ని పట్టించుకోవు, బ్రిటిష్ కంపెనీలకు అది కాస్త గట్టిగా అనిపిస్తుంది.

కొన్ని మాటలు నామవాచకం ముందు నిలబడవు. ‘షి ఈజ్ గ్లాడ్’ సరే, ‘ఎ గ్లాడ్ ఉమన్’ అనరు. ‘హి ఈజ్ కంటెంట్’ సరే, ముందు పెట్టాలంటే ‘ఎ కంటెంటెడ్ మ్యాన్’ అనాలి. స్వభావం చెప్పాలంటే ‘చీర్‌ఫుల్’: ‘ఎ చీర్‌ఫుల్ బాయ్’ ఎప్పుడూ నవ్వుతూ తిరిగే పిల్లవాడు. ఆ పూటకి సంతోషంగా ఉన్నవాణ్ని చీర్‌ఫుల్ అంటే అంతగా అతకదు.

‘గే’ అనే మాటకు పాత పుస్తకాల్లో ఉల్లాసంగా ఉన్న అనే అర్థం కనిపిస్తుంది. 20వ శతాబ్దం రెండో సగానికి అది స్వలింగ సంపర్కులను సూచించే మాటగా స్థిరపడింది. ఉల్లాసానికి ఇప్పుడు దాన్ని వాడకండి. ‘మెర్రీ’ కూడా క్రిస్మస్ దాటితే అరుదు. పైగా బ్రిటన్‌లో ఒక మనిషిని ‘మెర్రీ’ అంటే కొద్దిగా తాగి ఉన్నాడని.

5. ఎంజాయ్, ఫన్, ప్లెజర్

‘ఎంజాయ్’కి కర్మ కావాలి. ‘వి ఎంజాయ్డ్ ఎ లాట్’ మన దగ్గర పెళ్లికీ పిక్నిక్‌కీ అందరూ అనే మాట, కానీ దేన్ని ఆస్వాదించారన్నది అందులో లేదు. ‘వి ఎంజాయ్డ్ ద ట్రిప్’ అనండి, లేదా ‘వి ఎంజాయ్డ్ అవర్‌సెల్వ్స్’. తర్వాత క్రియ వస్తే ‘ఇంగ్’ రూపమే: ‘ఐ ఎంజాయ్ కుకింగ్’. ‘ఐ ఎంజాయ్ టు కుక్’ తప్పు. వడ్డించే మనిషి ప్లేటు ముందు పెట్టి ‘ఎంజాయ్!’ అంటే అది వేరు, అక్కడ కర్మ కళ్లెదుటే ఉంది.

సరదాగా గడిచిందని చెప్పడానికి ‘ఇట్ వాజ్ ఫన్నీ’ అనకండి. ‘ఫన్నీ’ అంటే నవ్వు తెప్పించేది, ఒక్కోసారి ఏదో తేడాగా ఉన్నది. ‘ఇట్ వాజ్ ఫన్’, ‘వి హ్యాడ్ ఎ లాట్ ఆఫ్ ఫన్’ సరైనవి.

ప్లెజర్‌కి రెండు తలుపులు. పని అడిగినప్పుడు ‘విత్ ప్లెజర్’. పని అయ్యాక థాంక్స్ చెప్పినప్పుడు ‘మై ప్లెజర్’. ఈ రెండూ తారుమారు అవుతుంటాయి.

‘ఎక్సైటెడ్’, ‘ఎక్సైటింగ్’ల తేడా అందరికీ చెప్పేదే. మనసులో కలిగితే ‘డ్’, కలిగించేదైతే ‘ఇంగ్’. ‘ఐ యామ్ వెరీ ఎక్సైటింగ్’ అంటే మిమ్మల్ని చూసి జనం ఉర్రూతలూగుతున్నారని చెప్పుకున్నట్టు. ఇదే జతలో ‘డిలైటెడ్’, ‘డిలైట్‌ఫుల్’ కూడా ఉన్నాయి. మీరు డిలైటెడ్, సాయంత్రం డిలైట్‌ఫుల్.

6. అదృష్టం దగ్గరికొస్తే

‘లక్’ లెక్కపెట్టే వస్తువు కాదు. ‘ఎ లక్’, ‘లక్స్’ ఉండవు. ఒక్కసారి కలిసొచ్చినదాన్ని ‘ఎ స్ట్రోక్ ఆఫ్ లక్’ అంటారు, చిన్నదైతే ‘ఎ బిట్ ఆఫ్ లక్’. ‘లక్ ఫేవర్డ్ మి’ అనేకంటే ‘లక్ వాజ్ ఆన్ మై సైడ్’ సహజంగా ఉంటుంది.

‘లక్కీ’కీ ‘ఫార్చునేట్’కీ మధ్య తేడా మర్యాదది, కాలానిది కూడా. లాటరీ తగిలినవాడు లక్కీ. చివరి టికెట్ దొరికినవాడు లక్కీ. మంచి గురువుల దగ్గర ఏళ్ల తరబడి చదువుకున్నవాళ్లు ‘ఐ వాజ్ ఫార్చునేట్ టు హ్యావ్ గుడ్ టీచర్స్’ అనడం బాగుంటుంది. దరఖాస్తుల్లో, ఇంటర్వ్యూల్లో, వీడ్కోలు ప్రసంగాల్లో ఫార్చునేట్ వాడండి. ‘ద లెస్ ఫార్చునేట్’ అంటే పేదవాళ్లు అనే మాటనే కాస్త మెత్తగా చెప్పడం.

మా దృష్టిలో ఈ వ్యాసం మొత్తంలో మర్చిపోకూడనిది ఇదొక్కటి: కష్టపడి సాధించినవాళ్లతో ‘యు ఆర్ సో లక్కీ’ అనకండి. తెలుగులో ‘అదృష్టవంతుడివిరా’ అంటే అందులో ఆశీర్వాదం ఉంటుంది, ప్రేమ ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఆ మాట కష్టాన్ని చెరిపేస్తుంది. నాలుగేళ్లు చదివి పరీక్ష నెగ్గిన అమ్మాయికి ‘లక్కీ’ అని వినిపిస్తే నీదేం లేదు, కలిసొచ్చిందంతే అన్నట్టు తగులుతుంది. ‘యు డిజర్వ్ ఇట్’ అనండి, ‘వెల్ డిజర్వ్డ్’ అనండి. తన గురించి తాను ‘ఐ గాట్ లక్కీ’ అని ఆమె అనుకుంటే అది వినయం. అలాంటప్పుడు మీరు ‘యెస్’ అనకూడదు.

కొన్ని జాతీయాలు పైకి ఒకటి, లోపల ఒకటి. ‘లక్ అవుట్’ అమెరికాలో అదృష్టం కలిసిరావడం. ‘అవుట్ ఆఫ్ లక్’ అంటే అదృష్టం ముఖం చాటేయడం. ‘వి లక్డ్ అవుట్’, ‘వి ఆర్ అవుట్ ఆఫ్ లక్’ రెండింటికీ ఎదురెదురు అర్థాలు. ‘యు ఆర్ ఇన్ లక్’ అని షాపులో అంటే మీరు అడిగింది ఉందని. ‘జస్ట్ మై లక్!’ అంటే ‘నా ఖర్మ’. ‘యు విల్ బి లక్కీ!’ అని బ్రిటిష్ మనిషి అంటే అది దీవెన కాదు, అది జరిగే పని కాదులే అని. ‘కాస్ట్ ఎ స్మాల్ ఫార్చ్యూన్’లో ‘స్మాల్’ చూసి చవక అనుకోకండి, బోలెడంత ఖర్చయిందని.

ఓడినవాళ్లను ఓదార్చేటప్పుడు ‘హార్డ్ లక్’ బ్రిటిష్ వాడుకలో సానుభూతి. ‘టఫ్ లక్’ మాత్రం గొంతును బట్టి ‘అయితే ఏంటట?’ అన్నట్టు వినిపిస్తుంది. ‘బెటర్ లక్ నెక్స్ట్ టైమ్’ని ఆటల వరకే ఉంచండి. ఉద్యోగం పోయినవాళ్లకు, వీసా రానివాళ్లకు ‘ఐ యామ్ సారీ టు హియర్ దట్’ చాలు.

కలిసొచ్చిన మంచిలోనూ రకాలున్నాయి. అనుకోకుండా వచ్చి పడిన డబ్బు ‘విండ్‌ఫాల్’. గాలికి రాలిన పండు అని దాని మొదటి అర్థం, చెట్టెక్కకుండా దొరికింది కాబట్టి. సరిగ్గా అవసరానికి అందినది ‘గాడ్‌సెండ్’. కీడులా వచ్చి మేలుగా మారింది ‘ఎ బ్లెస్సింగ్ ఇన్ డిస్‌గైజ్’. ఒకదాని కోసం వెతుకుతుంటే మరో విలువైనది దొరకడం ‘సెరెండిపిటీ’. ఇంగ్లిష్ రచయిత హొరేస్ వాల్‌పోల్ 1754 జనవరిలో రాసిన ఒక ఉత్తరంలో ఈ మాటను పుట్టించాడు. శ్రీలంకకు పాత పేరు సెరెండిప్. ఆ రాజ్యపు ముగ్గురు రాకుమారుల కథ నుంచి తీసుకున్నాడు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బ్యాక్టీరియా పెంచుతున్న పళ్లెంలో బూజు పట్టడం, దాన్నుంచి పెన్సిలిన్ బయటపడడం సెరెండిపిటీకి సరిపోయే ఉదాహరణ. రోడ్డు మీద నోటు దొరకడం సెరెండిపిటీ కాదు, ఉత్త లక్. అందులో వెతుకులాట లేదు, గుర్తుపట్టిన తెలివి లేదు.

‘ఫార్చూయిటస్’ని ఫార్చునేట్‌కు గొప్ప రూపం అనుకుని వాడుతుంటారు. దాని అసలు అర్థం యాదృచ్ఛికమని మాత్రమే, మంచైనా చెడైనా. ఇప్పుడు ఇంగ్లిష్‌వాళ్లే చాలామంది ‘అదృష్టకరమైన’ అనే అర్థంలో వాడుతున్నారు, కానీ పట్టింపున్న పాఠకులు తప్పు పడతారు. రాతలో దాన్ని పక్కన పెట్టడమే మేలు.

7. శుభాకాంక్షలు, అభినందనలు

తెలుగు ఇక్కడ మనకు దారి చూపిస్తుంది. జరగబోయేదానికీ పండగకీ శుభాకాంక్షలు, సాధించినదానికి అభినందనలు. ఇంగ్లిష్‌లోనూ పని ముందు ‘గుడ్ లక్’, పని తర్వాత ‘కంగ్రాచ్యులేషన్స్’. రేపు పరీక్ష ఉన్న పిల్లవాడికి కంగ్రాచ్యులేషన్స్ చెప్పరు.

‘గుడ్ లక్’ తర్వాత పని పేరు వస్తే ‘విత్’: ‘గుడ్ లక్ విత్ ద ఇంటర్వ్యూ’. రోజు చెబితే ‘ఫర్’: ‘గుడ్ లక్ ఫర్ టుమారో’. మనం పరీక్ష ముందు చెప్పే ‘ఆల్ ద బెస్ట్’ తప్పు కాదు గానీ అమెరికాలో అది వీడ్కోలు మాటలా, ఉత్తరం చివర సంతకం పైన రాసే మాటలా వినిపిస్తుంది. అక్కడి క్లాస్‌మేట్‌కు ‘గుడ్ లక్’ అనండి.

‘కంగ్రాచ్యులేషన్స్’ చివర ‘స్’ తప్పనిసరి. దేనికో చెప్పేటప్పుడు దాని వెంట ‘ఆన్’: ‘కంగ్రాచ్యులేషన్స్ ఆన్ యువర్ ప్రమోషన్’, ‘కంగ్రాచ్యులేషన్స్ ఆన్ పాసింగ్ ద ఎగ్జామ్’. ‘ఫర్’ రాసే అలవాటు ‘ప్రమోషన్‌కి అభినందనలు’ నుంచి వస్తుంది. ‘కంగ్రాట్స్’ ఫోన్ మెసేజ్‌కి సరిపోతుంది, ఉత్తరానికి సరిపోదు.

‘విష్ యు హ్యాపీ న్యూ ఇయర్’లో రెండు లోపాలు. ‘ఐ’ లేదు, ‘ఎ’ లేదు. ‘ఐ విష్ యు ఎ హ్యాపీ న్యూ ఇయర్’ పూర్తి వాక్యం. ‘హ్యాపీ న్యూ ఇయర్’ ఒక్కటే అంటే ‘ఎ’ అక్కర్లేదు. ఉగాదికీ సంక్రాంతికీ ‘హ్యాపీ ఉగాది’, ‘హ్యాపీ సంక్రాంతి’ బాగున్నాయి.

పుట్టినరోజుకి ‘మెనీ మోర్ హ్యాపీ రిటర్న్స్ ఆఫ్ ద డే’లో ‘మోర్’ మన చేర్పు. ‘మెనీ హ్యాపీ రిటర్న్స్’ చాలు. ముందే చెబితే ‘హ్యాపీ బర్త్‌డే ఇన్ అడ్వాన్స్’. ‘అడ్వాన్స్ హ్యాపీ బర్త్‌డే’ మన దగ్గరే నడుస్తుంది.

ప్రతి సెలవు రోజుకీ ‘హ్యాపీ’ తగిలించకూడదు. గుడ్ ఫ్రైడే ఏసుక్రీస్తు సిలువ మరణాన్ని స్మరించే రోజు. మొహర్రంలో ఇమామ్ హుస్సేన్ అమరత్వాన్ని తలచుకుని షియాలు శోకం పాటిస్తారు. ఈ రోజుల్లో ‘హ్యాపీ’ అని పోస్టర్లు పెట్టడం ఆ కుటుంబాలను నొప్పిస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్లు మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే విషయంలోనూ జాగ్రత్తపడాలి. అది యుద్ధాల్లో చనిపోయిన సైనికుల రోజు. తోటి ఉద్యోగి ఇంట్లో అలాంటి మరణం ఉంటే ‘హ్యాపీ మెమోరియల్ డే’ ములుకులా గుచ్చుకుంటుంది. ‘హ్యావ్ ఎ గుడ్ లాంగ్ వీకెండ్’ అనేయడం క్షేమం.

8. ఇక్కడి వాడుక, బయటి వాడుక

బస్సుల మీదా స్టేషన్లలోనూ చూసే ‘హ్యాపీ జర్నీ’ భారతీయ ఇంగ్లిష్. ఇక్కడ నిరభ్యంతరంగా వాడండి. బయటి దేశంలో ‘హ్యావ్ ఎ సేఫ్ ట్రిప్’, ‘సేఫ్ ట్రావెల్స్’. పెళ్లికి మన ‘హ్యాపీ మ్యారీడ్ లైఫ్’ బదులు అక్కడ ‘కంగ్రాచ్యులేషన్స్ టు యు బోత్’ అని, కార్డు మీద ‘విషింగ్ యు ఎ లాంగ్ అండ్ హ్యాపీ లైఫ్ టుగెదర్’ అని రాస్తారు. శాలువా కప్పి చేసే సన్మానాన్ని మనం ‘ఫెలిసిటేషన్’ అంటాం. బయటివాళ్లకు ‘హి వాజ్ ఆనర్డ్’ అంటేనే అర్థమవుతుంది. శుభలేఖల్లోని ‘ఆన్ ద ఆస్పీషియస్ ఆకేషన్’ మన సంప్రదాయానికి అతికినట్టుంటుంది, దాన్ని తీసేయాలని మేం అనం. ఆఫీసు మెయిల్‌లో మాత్రం బరువవుతుంది.

పలికే తీరు గురించి రెండు మాటలు. ‘ఫార్చునేట్’ చివర ‘నేట్’ అని సాగదీయరు, ‘నిట్’కి దగ్గరగా తేలిగ్గా వదిలేస్తారు. ‘ప్లీజ్డ్’ ఒక్క ఊపిరిలో రావాలి, ‘ప్లీజెడ్’ కాదు. ‘కంటెంట్’ తృప్తి అయితే ఒత్తు ‘టెంట్’ మీద, లోపలి విషయం అయితే ‘కం’ మీద.

9. ఒక మెసేజ్‌ని దిద్ది చూద్దాం

డాలస్‌లో ఉన్న స్నేహితుడికి ప్రమోషన్ వచ్చింది. మామూలుగా వెళ్లే మెసేజ్ ఇలా ఉంటుంది: ‘కంగ్రాచ్యులేషన్ ఫర్ యువర్ ప్రమోషన్. ఐ యామ్ టూ హ్యాపీ ఫర్ యు టు గెట్ ఇట్. యు ఆర్ సో లక్కీ. వి ఎంజాయ్డ్ ఎ లాట్ ఆఫ్టర్ హియరింగ్. విష్ యు హ్యాపీ ఫ్యూచర్.’

ప్రేమ నిండుగా ఉంది, కానీ ఐదు వాక్యాల్లో ఒక్కటీ అనుకున్నట్టు చేరదు. మొదటిదానికి ‘స్’, ‘ఆన్’ కావాలి. రెండోదానిలో ‘టూ’ మితిమీరడం, ‘ఫర్ యు టు’ అనుమతి ఇవ్వడం. మూడోది అతని కష్టాన్ని తీసేసింది. నాలుగోదానికి కర్మ లేదు, పైగా వార్త విని పొందిన సంతోషానికి ఎంజాయ్ తగదు. ఐదోదానికి ‘ఐ’, ‘ఎ’ లేవు; ఫ్యూచర్‌కి ‘బ్రైట్’ అతికినంతగా ‘హ్యాపీ’ అతకదు.

దిద్దితే: ‘కంగ్రాచ్యులేషన్స్ ఆన్ యువర్ ప్రమోషన్! ఐ యామ్ సో హ్యాపీ ఫర్ యు. యు హ్యావ్ వర్క్డ్ హార్డ్ ఫర్ ఇట్ అండ్ యు డిజర్వ్ ఇట్. వి వర్ ఆల్ డిలైటెడ్ టు హియర్ ద న్యూస్. గుడ్ లక్ విత్ ద న్యూ రోల్!’ చివరి వాక్యంలో గుడ్ లక్ ఎందుకంటే కొత్త బాధ్యత ఇంకా ముందుంది. సాధించినదానికి అభినందన, రాబోయేదానికి శుభాకాంక్ష, రెండూ ఒకే మెసేజ్‌లో ఇమిడాయి.

మీకే ఇలాంటి మెసేజ్ వస్తే జవాబు కూడా చూసి ఇవ్వండి. ‘హ్యాపీ న్యూ ఇయర్’కి ‘యు టూ’ సరిపోతుంది. ‘సేమ్ టు యు’ కూడా నడుస్తుంది గానీ తిట్టుకు తిట్టు తిప్పికొట్టేటప్పుడూ అదే మాట వాడతారు కాబట్టి గొంతు మెత్తగా ఉండాలి. పుట్టినరోజు, ప్రమోషన్, పాప పుట్టిన వార్త లాంటివి మీ ఒక్కరివే. వాటికి ‘సేమ్ టు యు’ అనకండి. ‘థాంక్ యు, దట్ మీన్స్ ఎ లాట్’ అనండి.